పొగలేని యిల్లు

మానవుని దురభ్యాసములలో కొన్ని అతనికి మాత్రమే చెఱుపు చేయును. కొన్ని అతనివారికి కూడ చెఱుపు చేయును. ధూమపానము ఈ రెండవ జాతికి చెందినది. ఒకడు మితిమీఱి భుజించినచో అజీర్ణము వానికే కలుగును గాని, ప్రక్కన కూర్చున్నవానికి కలుగదు. ఒకడు బీడీ వెలిగించినచో ఆ గదిలోనున్న భార్య, బిడ్డలు, వృద్ధులైన తల్లిదండ్రులు అందఱును ఆ పొగను పీల్చవలసినదే. కావున ఈ అలవాటును గూర్చి విచారించునపుడు త్రాగువారిని మాత్రమే గాక త్రాగనివారిని కూడ తలంపవలెను. ఈ ఇరువురికిని మేలుచేయు మార్గ మేదియో, అందుకు తోడ్పాటు ఎచ్చట లభించునో మన విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

మన కావేరిపాక్కము చెఱువు పల్లవరాజుల కాలమునాటిది. ఆ నీరు ఊరుమ్మడి సొత్తు. దానిని పాడుచేయు హక్కు ఎవ్వరికిని లేదని చిన్నపిల్లవాడును చెప్పగలడు. ఇంటిలోని గాలియు అట్టి ఉమ్మడి సొత్తే. అయినను, 2016-17లో భారతప్రభుత్వము జరిపించిన సర్వేలో మన దేశపు వయోజనులలో పొగత్రాగువారు నూటికి సుమారు 11 మంది కాగా, ఇంటిలో పరుల పొగ సోకుచున్నవారు నూటికి సుమారు 39 మంది అని తేలినది. త్రాగువారు కొందఱు, పీల్చువారు పెక్కుమంది.

మన ప్రాంతమున పొగాకు కొత్త వస్తువు కాదు. రాయవేలూరు, గుడియాత్తము పరిసరములలో బీడీలు చుట్టుట అనేక కుటుంబములకు జీవనాధారము. స్త్రీలు చేటను ఒడిలో నుంచుకొని, ఆకు కత్తిరించి, పొగాకు నింపి, దారము చుట్టి, వేయి బీడీల లెక్కకు కూలి పొందుదురు. వారి శ్రమ గౌరవింపదగినది. వారిని నిందించుట ఈ వ్యాసమునకు పని కాదు. కాని పొగాకు ధూళి కూడ హానికరమే గనుక, పనిచేయు చోటును పసిబిడ్డ నిద్రించు చోటును వేఱుగా నుంచుకొనుట, భోజనమునకు ముందు చేతులు శుభ్రముగా కడుగుకొనుట అవసరము.

బీడీ చిన్నది, ఆకుతో చుట్టినది, కావున సిగరెట్టుకంటె సాధువైనదని పలువురి నమ్మకము. ఇది పొరపాటు. బీడీ ఆఱిపోకుండుటకు మాటిమాటికి గట్టిగా పీల్చవలెను. అందువలన నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడు అను విషపదార్థములు సిగరెట్టునకు తీసిపోక, తఱచుగా దానికంటె హెచ్చుగానే, దేహమున ప్రవేశించును.

ఇక పరుల పొగను గూర్చి. త్రాగువాడు విడిచిన పొగయు, కాలుచున్న కొననుండి వెలువడు పొగయు కలిసి గది నిండును. దానిలో వేలకొలది రసాయనములు కలవు; 70 వఱకు క్యాన్సరు కలిగించునవని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. 1981లో జపాను దేశమున హిరయామా అను పండితుడు, పొగత్రాగని 91 వేలమందికి పైగా గృహిణుల విషయమును దీర్ఘకాలము పరిశీలించి, భర్త త్రాగుకొలది భార్యకు శ్వాసకోశపు క్యాన్సరు భయము హెచ్చుచున్నదని ప్రకటించెను. పసివారి శ్వాస పెద్దలకంటె వేగముగా నుండును. వారి ఊపిరితిత్తులు ఇంకను ఎదుగుచుండును. కావున పొగ సోకిన ఇండ్లలో పిల్లలకు ఉబ్బసము, న్యుమోనియా, చెవిలో చీము పట్టుట మున్నగు బాధలు హెచ్చుగా కలుగును. గర్భిణికి పొగ సోకినచో శిశువు తక్కువ బరువుతో పుట్టవచ్చును.

“కిటికీ తెఱచితిని, పంకా వేసితిని, ఇంకేమి భయము?” అని కొందఱందురు. పంకా పొగను చెదరగొట్టునే గాని హరింపదు. ఊదుబత్తి వాసనను కప్పునే గాని విషమును తీయదు. పరుల పొగకు నిరపాయమైన పరిమాణము లేదని 2006లో అమెరికా దేశపు ప్రజారోగ్యాధికారులు తేల్చి చెప్పిరి. కావున మొదటి నియమము ఇది: ఇంటి కప్పు క్రింద ఎవ్వరును, అతిథి యైనను, పొగత్రాగరాదు. ఇది తాత్కాలిక రక్షణము. శాశ్వత రక్షణము మానివేయుటయే.

మానుట సులభమా? కాదు. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో గిరీశము శిష్యుడైన వెంకటేశమునకు చదువుకంటె చక్కగా చుట్ట కాల్చుట నేర్పెను. ఆ విద్య అబ్బుట యెంత సులభమో, విడుచుట అంత కష్టము. పొగ పీల్చిన కొన్ని క్షణములలోనే నికోటిన్ మెదడునకు చేరి సుఖభ్రాంతి కలిగించును. అది తగ్గగానే చిఱాకు, తలనొప్పి, నిద్రలేమి, మనస్సు నిలువకుండుట పుట్టును. ఇది వట్టి మనోదౌర్బల్యము కాదు. దేహము అలవాటుపడిన మందునకు చేయు గోల. ఈ బాధ మొదటి మూడు దినములు తీవ్రముగా నుండి, సాధారణముగా రెండు మొదలు నాలుగు వారములలో శమించును.

మనవారిలోనే దీనికి నిదర్శనము కలదు. అయ్యప్పస్వామి మాల ధరించినవారిలో ఎందఱో, దినమునకు రెండు కట్టల బీడీలు కాల్చువారు సైతము, 41 దినములు బీడీ ముట్టరు. మహమ్మదీయ సోదరులు రంజాను మాసమున పగలెల్ల పొగాకునకు దూరముగా నుందురు. ఇది వారికెట్లు సాధ్యమైనది? ప్రారంభమునకు ఒక దినము నిశ్చయింపబడినది, దారి చూపు గురుస్వామి కలడు, అదే వ్రతమున నున్న తోడివారు కలరు, ఇంటివారందఱు సహకరించుచున్నారు. తోడ్పాటు ఉన్నచోట అసాధ్య మనుకొన్నది సాధ్యమైనది. విచారకరమైన సంగతి యేమనగా, 41 దినములలో దేహపు గోల అణగిపోయినను, మాల తీసిన నాడే కొందఱు మరల బీడీ అందుకొందురు. తీరము చేరిన పిమ్మట తిరిగి నీట దుముకుట వంటిది యిది.

వ్రతమునకు గురుస్వామి యెట్లో, ఈ పనికి సలహాదారు అట్లు. భారతప్రభుత్వము 1800-11-2356 అను ఉచిత టెలిఫోను సహాయమును 2016లో నెలకొల్పినది. 2018 నుండి ఈ సంఖ్యను బీడీకట్టలపైనను, సిగరెట్టు పెట్టెలపైనను ముద్రించుచున్నారు. 2018లోనే బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ ఇందులో చేరుటచే దక్షిణభాషలలో, తెలుగులో సైతము, మాటాడు వీలు కలిగినది. తమిళదేశమున నివసించు తెలుగువారు తమ బాధను తల్లిభాషలో చెప్పుకొనవచ్చును. సలహాదారులు విరమణ దినమును నిశ్చయింపజేసి, పిమ్మట తామే ఫోనుచేసి యోగక్షేమము విచారింతురు. చెన్నై అడయారు క్యాన్సరు సంస్థలో 2002లోనే పొగాకు విరమణ కేంద్రము ఏర్పడినది. సమీపములోని ప్రభుత్వ వైద్యుని అడిగినను సలహా లభించును. నికోటిన్ కలిపిన గమ్ము, పట్టీ, కొన్ని మాత్రలు కూడ కలవు. వానిని వైద్యుని సలహాపై వాడవలెను. ఏ సాయమును లేక మానజూచువారిలో నూటికి నలుగురైదుగురు మాత్రమే నిలుతురనియు, సలహా, ఔషధము తోడైనచో సాఫల్యము రెట్టింపునకు మించుననియు ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది.

ఇంటివారు చేయవలసినది కూడ కొంత కలదు. మానదలచిన దినమునకు ముందురాత్రి బీడీకట్ట, అగ్గిపెట్టె ఇంటినుండి తొలగింపవలెను. కోరిక పుట్టినచో అది కొద్ది నిమిషములే నిలుచును. ఆ కొద్దిసేపు నీరు త్రాగుట, లవంగమో ఏలకియో నోట వేసికొనుట, నాలుగడుగులు నడచుట మేలు. దానికి బదులు నమలెడు పొగాకు పట్టుట తగదు. అది నోటి క్యాన్సరునకు దారి. మొదటి వారములలో తండ్రి చిఱాకుపడినచో ఇంటివారు సహింపవలెను. ఒకమాఱు తప్పి త్రాగినచో పరిహసింపక మరల ప్రోత్సహింపవలెను. ఏలయన, పెక్కుమంది అనేక ప్రయత్నముల మీదనే నెగ్గుదురు.

విద్యార్థులారా! మీరు పెద్దలకు ఉపన్యాస మియ్యనక్కఱ లేదు. “నాయనా, ఇంటిలో వద్దు” అని ప్రేమతో ఒక్కమాట అనుడు. కట్టపై నున్న సంఖ్యను చదివి వినిపింపుడు. తల్లిదండ్రులారా! బీడీకట్ట తెమ్మని బిడ్డను అంగడికి పంపకుడు. 18 ఏండ్లు నిండనివారికి పొగాకు అమ్ముటయు, పాఠశాలకు 100 గజముల లోపల అమ్ముటయు 2003 నాటి చట్టముచే నిషిద్ధములు. బహిరంగస్థలములలో ధూమపాన నిషేధము 2008 అక్టోబరు 2 నుండి దేశమంతట అమలులోనికి వచ్చినది. కాని ఇంటిలోపలికి చట్టము రాదు; అచట ప్రేమయే చట్టము.

ఇంత వయసు వచ్చిన పిమ్మట మానిన నేమి ఫలమని నిరాశపడువారికి ఒక్కమాట. ఆంగ్లదేశపు వైద్యులను 50 సంవత్సరములు పరిశీలించి డాల్ పండితుని బృందము 2004లో ఫలితములను ప్రకటించినది. జీవితాంతము త్రాగువారు సుమారు 10 ఏండ్ల ఆయువు కోల్పోవుదురు. 60వ ఏట మానినవారికి అందు సుమారు 3 ఏండ్లు, 50వ ఏట మానినవారికి 6, 40వ ఏట మానినవారికి 9 ఏండ్లు తిరిగి లభించును. 30వ ఏటనే మానినచో నష్టమంతయు దాదాపు తీరును. ఇది త్రాగువాని లాభము. ఇంటిల్లిపాదికి కలుగు లాభము మానిన దినముననే ఆరంభమగును. ఆ రాత్రి పసిబిడ్డ పీల్చు గాలి శుభ్రముగా నుండును. మన పాఠశాలకు వచ్చు ప్రతి బిడ్డయు అట్టి యింటినుండి రావలెనని మా కోరిక.