సమజము – సమాజము

కొన్ని సంవత్సరముల క్రిందట అనువాద పరీక్షలో ఒక విద్యార్థి ‘స్కూల్ ఆఫ్ ఫిష్’ అన్న ఇంగ్లీషు మాటలకు ‘చేపల పాఠశాల’ అని వ్రాసినాడు. ప్రక్కనే పత్రములు దిద్దుచున్న మిత్రుడు నవ్వి సున్న చుట్టుమన్నాడు. నేను అర మార్కు వేసినాను. ఆ తప్పు పిల్లవానిది కాదు, ఇంగ్లీషుది. చేపల ‘స్కూలు’ గుంపు అను అర్థము గల డచ్చి మాట నుండి వచ్చినది. చదువుల ‘స్కూలు’ గ్రీకు భాషలో తీరిక అను అర్థము గల మాట నుండి లాటిను మీదుగా వచ్చినది. వేరు వేరు ఊళ్ళ నుండి వచ్చి ఒకే వేషము కట్టిన మాటలివి.

ఇంగ్లీషువారికి ఇట్టి సమూహవాచకములపై మోజు మెండు. 1486లో సెయింట్ ఆల్బన్స్ అను ఊర అచ్చయిన వేట గ్రంథమున వాని పెద్ద పట్టిక యున్నది. సింహముల గుంపు అందులో ‘గర్వము’. న్యాయాధిపతుల గుంపు ‘తీర్పు’. సగము వేటకాని పరిభాష, సగము వినోదము. ఆ మాటలను మన బడులలో పిల్లలచే వల్లె వేయించుచున్నాము. తెలుగున ఏమందురని అడిగినచో, అన్నింటికిని ‘గుంపు’ అన్న సమాధానమే వచ్చుచున్నది.

మనకు మాటలు లేకనా? మిడతలది దండు, చీమలది బారు, కోతులది మూక, గొర్రెలది మంద. చీమకు దాని నడకను బట్టి పేరు వచ్చినది. మిడతకు రైతు భయమును బట్టి వచ్చినది. పైరుపై వచ్చి పడునది అతనికి శత్రుసైన్యమే గదా. మూక అన్నమాటలోని విసుగు కోతులను చూచిన వారికి చెప్పనక్కరలేదు. ఇక మంద యనగనే వెనుక కాపరి కనబడును. ఎరువు కొరకు పొలమున మంద కట్టించిన రైతుబిడ్డకు ఆ మాట నిఘంటువులో వెదకు పని లేదు.

సంస్కృతమున ఈ విషయము మరింత రసవంతము. ఆవులు నిలుచు చోటు గోష్ఠము. పండితులు కూడినది గోష్ఠి. తమిళమున ‘మన్రు’ అన్న మాటకు పశువుల కొట్టమనియు, ఊరి సభ యనియు రెండర్థములు. పశువులు కూడు చోటి పేరే మనుష్యులు కూడుటకును పేరైనది. అయితే ఒకచోట మాత్రము మనవారు గట్టిగా గీత గీసినారు. ‘అజ’ ధాతువునకు తోలుట అని అర్థము. దానికి ‘సమ్’ ఉపసర్గ చేరినపుడు పశువుల విషయమున సమజము, తక్కినవారి విషయమున సమాజము. పాణిని ఇందుకై ప్రత్యేకముగా సూత్రమే చేసినాడు. అమరసింహుడును ఆ భేదమును పాటించినాడు. ధాతువొక్కటే, భేదమంతయు ఒక్క దీర్ఘములో నున్నది. నేటి విద్యార్థి వ్రాతలో ఆ దీర్ఘము జారినచో అచ్చుతప్పని దిద్ది ఊరకుందుము. తప్పు తప్పే, కాని ‘సమజసేవ’ అని వ్రాసినవాడు తెలియకయే గోసేవ చేయుచున్నాడు!

సమూహార్థమున ఏనుగులది హాస్తికము, పావురములది కాపోతము, నెమళ్ళది మాయూరము. ఒక్కొక్కదానికి ప్రత్యయమెట్లు వచ్చునో పాణిని చెప్పుచు, ఒకే సూత్రమున ఒంటెను, పొట్టేలును, రాజును, రాజపుత్రుని, దూడను, మనుష్యుని, మేకను వరుసగా నిలిపినాడు. రాజుల గుంపు రాజకము, మనుష్యుల గుంపు మానుష్యకము, మేకల గుంపు ఆజకము. సమాజమునకు గీత గీసిన మహర్షి ఇచట గీత చెరిపినాడు. వ్యాకరణమునకు ప్రత్యయము ముఖ్యము గాని పదవి కాదు.

ఈ సూత్రము చెప్పిన నాడు చివరి బల్ల నుండి ఎవడో మేకవలె అరచినాడు. క్షణములో తరగతి యంతయు అందుకొన్నది. ఆ ఆజకమును మందలించుటకు నాకు మనసొప్పలేదు.