రెండూ ఆడవే అన్నారు... తెల్లారేసరికి గూట్లో ఏడు పిల్లలు!

పై వీడియో చూసి చాలామంది "అన్నా, కుందేళ్ల ఫామ్ ఎప్పుడు పెట్టినవ్?" అని అడుగుతున్నారు. ఫామ్ లేదు, ఏమీ లేదు. మా పాప సరదాగా పెంచుకుంటున్న రెండు కుందేళ్లు ఇవి. వీడియోలో చెప్పలేకపోయిన సంగతులు ఇక్కడ రాస్తున్నాను. నేను చేసిన తప్పులు కూడా రాస్తున్నా. పిల్లలు మారాం చేస్తే కుందేళ్ల జత తెచ్చి పశువుల కొట్టం పక్కన పెట్టుకున్నవాళ్లు మనలో తక్కువేం లేరు.

సంక్రాంతికి టౌన్‌లో ఒక షాపులో కొన్నాం. అప్పటికి రెండు నెలల వయసు. "రెండూ ఆడవే సార్, గొడవ ఉండదు" అన్నాడు షాపతను. నేనూ తిప్పి చూడలేదు. చూసినా తెలిసేది కాదేమో, అంత చిన్న వయసులో పోల్చుకోవడం అలవాటున్నవాళ్లకే కష్టం. అగ్రికల్చర్ డిప్లొమా చదివాను కదా అని ఊళ్లో అందరూ అన్నీ నన్నే అడుగుతారు గానీ, కుందేళ్ల గురించి నాకు తెలిసింది ఆ రోజుకు సున్నా.

ఏప్రిల్ రెండో వారంలో తెల్లది ఛాతీ మీద బొచ్చు పీక్కోవడం మొదలుపెట్టింది. గజ్జి అనుకున్నాం. మేకలకు వాడే మందు రాద్దామని కూడా అనుకున్నా, ఏదో పని పడి ఆగిపోయాను, అదృష్టం. అదే రోజు అది ఎండుగడ్డి నోట్లో అడ్డంగా పెట్టుకుని మూలకు మోస్తుంటే మా పాప ఫోన్‌లో తీసింది. మీసాలు పెట్టుకున్నట్టుందని అందరం నవ్వాం. వీడియో మొదట్లో ఉన్నది అదే. అది పిల్లలకు పక్క వేసుకుంటోందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మర్నాడు పొద్దున అమ్మ కేక. "కొడకా, కుందేళ్ల గూట్ల ఎలుక పిల్లలు పెట్టిందిరా. జర వచ్చి చూడు!"

వెళ్లి చూస్తే బొచ్చు కుప్పలో గులాబీ రంగులో ఆరు పిల్లలు కదులుతున్నాయి. కళ్లు మూసుకుని, ఒంటి మీద నూగు కూడా లేకుండా. ఏడోది గూటి జాలీ మీద విడిగా పడి ఉంది, ముట్టుకుంటే చల్లగా ఉంది. చచ్చిపోయిందనే అనుకున్నా. మా పాప ఒప్పుకోలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది. నేను సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి గుడ్డ చుట్టి ఇచ్చాను. అరగంటకు కాలు కదిలింది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. పుట్టిన పిల్ల చల్లబడితే కదలదు, అంతమాత్రాన చచ్చినట్టు కాదు. వెచ్చబెట్టి చూడకుండా పారేయొద్దు.

విత్తనాలు తూచే చిన్న త్రాసులో పెట్టి చూస్తే ఒక్కోటి 42 నుంచి 51 గ్రాములు.

ఇక అక్కడి నుంచి నా తెలివితక్కువ పని. రోజంతా చూశా. తల్లి పిల్లల దగ్గరకే పోలేదు. అవతలి మూల కూర్చుని గరిక నములుతోంది. ఆవు దూడను నాకినట్టు, మేక పిల్లను వెంటేసుకు తిరిగినట్టు ఉంటుందని మన లెక్క. సాయంత్రానికి "ఇది పిల్లలను వదిలేసింది" అని తీర్మానించుకున్నా. ఆవుపాలు కాచి, నీళ్లు కలిపి, చుక్కల మందు డ్రాపర్‌తో పట్టాను. వెల్లకిలా పడుకోబెట్టి పట్టాను. పొద్దున్నకు ఒకటి పోయింది. ముక్కులోంచి పాలు వచ్చి ఉన్నాయి. పాప ముందు నుంచి దాన్ని తీసి నిమ్మచెట్టు కింద పూడ్చినప్పుడు నాకు నోట మాట రాలేదు.

మండలంలో ఉన్న పశువుల డాక్టర్ సార్ దగ్గరకు పరిగెత్తాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "తమ్మీ, పొట్టలు గుండ్రంగ ఉన్నయా, ముడతలు పడ్డయా?"

గుండ్రంగానే ఉన్నాయి. అంటే తల్లి పాలిస్తూనే ఉంది. కుందేలు రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు, అదీ రాత్రిపూట లేదా తెల్లవారుజామున, మూడు నుంచి ఐదు నిమిషాలు పాలిచ్చి వచ్చేస్తుంది. మిగతా వేళల్లో దగ్గరికి పోదు. పోతే ఆ వాసన పట్టుకుని నక్కో పిల్లో గూటిని కనిపెడుతుంది కాబట్టి దూరంగా ఉండటమే దాని కాపలా. ఆ ఐదు నిమిషాలు చాలడానికి కారణం పాల చిక్కదనం. ఆవుపాల కంటే అందులో కొవ్వు దాదాపు మూడింతలు. నేను నీళ్లు కలిపిన ఆవుపాలు పట్టానంటే సార్ తల పట్టుకున్నారు.

నమ్మకం కుదరక ఆ రాత్రి గూటికి ఫోన్ కట్టి, ఛార్జర్ పెట్టి వదిలేశా. 4 గంటల 40 నిమిషాలకు తల్లి వచ్చింది, పిల్లల మీద నిలబడింది, నాలుగు నిమిషాల్లో దిగిపోయింది. వీడియోలో మసకగా ఉన్న ముక్క అదే, క్లారిటీ లేదని తిట్టకండి.

మీ దగ్గర ఇలా జరిగితే చూడాల్సింది తల్లిని కాదు, పిల్లల పొట్టలను. రోజుకోసారి, పొద్దున పూట చాలు. పొట్ట నిండుగా, చర్మం బిగుతుగా ఉంటే చేయి పెట్టాల్సిన పనే లేదు. ముడతలు పడి, పిల్లలు అటూ ఇటూ పాకుతూ ఉంటే పాలు అందడం లేదని. మనిషి ముట్టుకుంటే తల్లి పిల్లలను చంపేస్తుందని మా ఊళ్లో అంటారు. పెంపుడు కుందేలు మన చేతి వాసనకు అలవాటు పడే ఉంటుంది. నేనైతే చేతులకు దాని గూటి గడ్డి రుద్దుకుని ముట్టుకున్నా, ఏమీ కాలేదు. తల్లి నిజంగానే చచ్చిపోతే మేకపాలతో బతికించినవాళ్లు ఉన్నారు. కానీ పిల్లను నిటారుగా పట్టుకుని, చుక్క చుక్కగా, డాక్టర్‌ను అడిగి. పాలు తాగాక తడి దూదితో అడుగున తుడిస్తేనే మూత్రం పోస్తాయి.

సార్ రెండో ప్రశ్న నన్ను ఇంకా భయపెట్టింది. "మగదాన్ని ఎప్పుడు వేరు చేసినవ్?"

వేరు చేయలేదు! ఈనిన కొన్ని గంటల్లోనే కుందేలు మళ్లీ చూలు కట్టగలదు. ఆవులా ఎదకు వచ్చే రోజు కోసం ఆగదు, జత కట్టాకే అండం విడుదలవుతుంది. చూలు కాలం 30 నుంచి 32 రోజులు. ఇంటికొచ్చి మగదాన్ని కోళ్ల గంప కింద పెట్టాను గానీ అప్పటికే ఒకటిన్నర రోజు దాటింది. క్యాలెండర్ మీద తేదీ రాసిపెట్టుకున్నా. రెండు వారాలకు సార్ పొట్ట తడిమి చూసి, "ద్రాక్షపండ్ల లెక్క తగులుతున్నయ్" అన్నారు. పాలిస్తూనే చూలుతో ఉంది. వచ్చే కాన్పు మే నెల నడిమధ్యన, 43 డిగ్రీల ఎండలో.

ఈలోగా ఆరు పిల్లలు బాగానే పెరిగాయి. వారానికి బరువు రెట్టింపైంది, నూగు వచ్చింది, పన్నెండో రోజుకు అన్నీ కళ్లు తెరిచాయి. మూడు వారాలకు పెట్టెలోంచి దూకి తల్లి గడ్డి లాక్కోవడం మొదలుపెట్టాయి. ఒక రాత్రి మాత్రం ఎర్రచీమలు గూటి కాళ్ల మీద వరుస కట్టాయి, అమ్మ చూసింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు నాలుగు కాళ్ల కింద నాలుగు నీళ్ల గిన్నెలు పెట్టాం. చీమల మందు పొడి చల్లే ఆలోచన మన ఇళ్లల్లో ఎలాగూ ఉండదనుకోండి.

మేత దగ్గర మాత్రం గట్టిగా చెప్తా. తల్లికి మేం పెట్టింది గరిక, ఎండుగడ్డి, దశరథ గడ్డి. నీళ్లు మట్టి మూకుడులో ఎప్పుడూ నిండుగా. పాలిచ్చే కుందేలు ఎన్ని నీళ్లు తాగుతుందో చూస్తే ఆశ్చర్యపోతారు. ఆ గడ్డి అంతా మా పొలం గట్టుదే. ఒకరోజు పని మనిషి దగ్గరగా ఉంది కదా అని పక్క పొలం గట్టు మీద కోసుకొచ్చాడు. ఆ వరిలో రెండు రోజుల క్రితమే పురుగు మందు కొట్టారని నాకు తెలుసు. మోపు మోపంతా పారబోశాం. ఫిప్రోనిల్ లాంటి మందు కుందేలుకు విషం, కుక్కలకు పిడుదుల కోసం వేసే చుక్కలు కూడా దీనికి పనికిరావు. తెల్ల గడ్డి దొరకట్లేదని సుబాబుల్ ఒక్కటే మేపడం కూడా వద్దు, బూజు పట్టిన వేరుశనగ కట్టె అసలే వద్దు. ఇంకోటి, దూడలకో మేకపిల్లలకో తెచ్చిన అమాక్సిసిలిన్ ఇంట్లో ఉందని కుందేలు నోట్లో పోస్తే దాని పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చి ప్రాణం మీదకు వస్తుంది. భూమిలో సూక్ష్మజీవుల గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు, దీని పొట్ట కూడా అలాంటిదే.

నాలుగు వారాలు నిండగానే పిల్లలను తల్లి నుంచి వేరు చేశాం. మామూలుగా ఇంకో వారం రెండు వారాలు ఉంచితే మంచిది, కానీ తల్లికి నాలుగు రోజులైనా విశ్రాంతి కావాలి కదా. మేత ఒక్కసారిగా మార్చలేదు, అదే గడ్డి, అదే మూకుడు. ఈ వయసులో పారుడు పట్టుకుంటే పిల్లలు వరుసగా పోతాయట. అందుకే గూడు రోజూ ఊడ్చి పొడిగా ఉంచాం.

రెండో కాన్పుకు ఈసారి తయారుగా ఉన్నా. 28వ రోజు వేపచెక్క పెట్టె లోపల పెట్టాను. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, ముందు అంచు జానెడు ఎత్తు. గోనెసంచి పీచు వేయలేదు, పిల్లల కాళ్లకు చుట్టుకుంటుంది. ఎండుగడ్డి మాత్రమే. గూడు మొత్తాన్ని చింతచెట్టు కిందకు మార్చి, పైన తాటాకులు, పడమర వైపు తడి గోనెపట్టా. కుందేలుకు చెమట పట్టదు, చెవుల నుంచే వేడి పోవాలి. మధ్యాహ్నం సాగిలపడి రొప్పుతుంటే చెవులు తడి గుడ్డతో తుడిచేవాళ్లం. నీళ్ల సీసా ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి పక్కన పెడితే దానికి ఆనుకుని పడుకునేది. పెట్టెలో బొచ్చు మరీ మందంగా ఉంటే పిల్లలు ఉడికిపోతాయి, పగలు సగం తీసి రాత్రికి మళ్లీ కప్పాం.

31వ రోజు రాత్రి ఐదు పుట్టాయి. ఒకటి పుడుతూనే చనిపోయింది. నాలుగు ఉన్నాయి. ఈసారి డ్రాపర్ జోలికి పోలేదు, పొద్దున్నే పొట్టలు చూసి మూత వేసేశా.

"కూరకు ఇస్తవా అన్నా?" అని అడిగినవాళ్లూ ఉన్నారు. తినేవాళ్లను నేనేమీ అనను, కానీ అరచేతుల్లో పెట్టుకుని బతికించిన పిల్లను కూరకు ఇస్తే మా పాప నాతో మాట్లాడదు. అడిగిన ఇళ్లకు, గూడు చూసొచ్చాకే, ఒకే జాతి రెండేసి ఇస్తున్నా. అంటే మగా ఆడా కలిపి కాదు. పది పన్నెండు వారాలకు మెల్లగా నొక్కి చూస్తే తెలుస్తుంది. మగదానికి గుండ్రటి రంధ్రం, ఆడదానికి నిలువు చీలిక, మలద్వారానికి దగ్గరగా. రెండు మగవి ఒకే గూట్లో పెడితే పెద్దయ్యాక కొట్టుకుంటాయి, అది కూడా చెప్పి ఇస్తున్నా. బైబ్యాక్ ఇస్తామంటూ కుందేళ్లు అంటగట్టేవాళ్ల ఫోన్లు ఈ వీడియో తర్వాత నాకు మూడు వచ్చాయి. మీకూ వస్తే జాగ్రత్త.

కామెంట్లలో చాలామంది అడిగింది, పెంటికలు జీవామృతంలో వేయొచ్చా అని. పాలేకర్ గారి పద్ధతిలో చెప్పింది దేశీ ఆవు పేడ, మూత్రం. నేను కుందేలు పెంటికలు అందులో కలపలేదు. వానపాముల బెడ్‌లో వేస్తున్నా. కరివేపాకు, గోంగూర మళ్లలో నేరుగా చల్లుతున్నా, మేకెరువులాగే మొక్కను కాల్చలేదు. మూత్రం మాత్రం ఘాటు ఎక్కువ, మొక్క మొదట్లో పోయొద్దు.

మగది ఇప్పుడు తల్లి గూటి పక్కనే వేరే గూట్లో ఉంటోంది. రెండు గూళ్ల మధ్య జానెడు ఖాళీ ఉంచాం, జాలీల్లోంచి ఒకదాన్నొకటి చూసుకుంటాయి. తాళం చెవి మా పాప దగ్గర ఉంది.