విదేశాల్లో పరిశోధకుల నివాస అనుమతి: జర్మనీ నిబంధనలు – ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

భారతీయ భాషల అధ్యయనంలో జర్మనీకి సుదీర్ఘ చరిత్ర ఉంది. తెలుగు వ్యాకరణం రాసిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ 18వ శతాబ్దిలో హాలే నగరంలో తెలుగు పుస్తకాలను అచ్చువేయించాడు. హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 1962లో ఏర్పడిన దక్షిణాసియా అధ్యయన సంస్థ నేటికీ పనిచేస్తున్నది. ఇటువంటి కేంద్రాల నుండి ఆహ్వానం అందిన పరిశోధకులు సాధారణంగా వీసా వస్తుందా రాదా అన్న విషయం మీదనే దృష్టి పెడతారు. అయితే ఆ వీసా చట్టంలోని ఏ సెక్షన్ కింద మంజూరైందన్నది అంతకంటే ముఖ్యం. కుటుంబం, ఉద్యోగం, శాశ్వత నివాసం వంటి అంశాలన్నీ దానిపైనే ఆధారపడి ఉంటాయి. ఆ భేదాన్ని వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

2. ఆతిథ్య ఒప్పందం:

విదేశీ పరిశోధకుల ప్రవేశానికి, నివాసానికి సంబంధించి ఐరోపా సమాఖ్య 2016లో 2016/801 సంఖ్య గల ఆదేశాన్ని రూపొందించింది. డెన్మార్క్, ఐర్లాండ్ దీని పరిధిలో లేవు. జర్మనీ దీనిని తన నివాస చట్టంలోని 18-డి సెక్షన్ ద్వారా అమలు చేస్తున్నది. ఈ సెక్షన్‌కు మూలాధారం పరిశోధకునికీ సంస్థకూ మధ్య కుదిరే ఆతిథ్య ఒప్పందం, లేదా దానికి సమానమైన ఉద్యోగ ఒప్పందం. పర్యవేక్షకులు రాసే ఆహ్వాన లేఖ దీనికి ప్రత్యామ్నాయం కాదు. ఈ అనుమతి పొందినవారు ఒప్పందంలో పేర్కొన్న సంస్థలో పరిశోధన చేయవచ్చు. బోధన కూడా చేయవచ్చు. మధ్యలో పరిశోధనాంశం మారినంత మాత్రాన ఈ హక్కు పోదు.

3. విద్యార్థి – పరిశోధకుడు:

పిహెచ్.డి. చేసేవారంతా చట్టం దృష్టిలో పరిశోధకులు కారు. పూర్తికాలిక అధ్యయన కార్యక్రమంగా సాగే డాక్టరేట్‌లో పరిశోధన అంతర్భాగమైతే 18-డి వర్తించదు. అటువంటివారు 16-బి సెక్షన్ కింద విద్యార్థులుగానే పరిగణింపబడతారు. విశ్వవిద్యాలయంలో జీతంపై పరిశోధన చేస్తూ డాక్టరేట్ పొందేవారికి 18-డి మార్గం తెరిచి ఉంటుంది.

ఈ భేదం వల్ల కలిగే ఫలితాలు గమనించదగినవి. 18-డి అనుమతి గలవారి జీవిత భాగస్వామి జర్మనీకి రావడానికి ముందే ప్రాథమిక జర్మన్ భాషా పరిజ్ఞానాన్ని నిరూపించుకోనవసరం లేదు. విద్యార్థుల జీవిత భాగస్వాములకు సాధారణంగా ఈ మినహాయింపు లభించదు. శాశ్వత నివాసానికి సంబంధించి 18-డి వంటి అనుమతులు గలవారు 3 సంవత్సరాల తరువాత దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే 36 నెలల పింఛను బీమా చందా తప్పనిసరి. ఉద్యోగుల జీతం నుండి ఈ చందా మినహాయించబడుతుంది. ఫెలోషిప్ మొత్తం నుండి ఆ విధంగా మినహాయించరు. కాబట్టి చేతికందే మొత్తం దాదాపు సమానమైనప్పటికీ ఫెలోషిప్, ఉద్యోగ ఒప్పందం సమానం కావు.

4. చేరిన తరువాతి విధులు:

భారతీయులు దీర్ఘకాలిక జాతీయ వీసాను ప్రయాణానికి ముందే పొందాలి. జర్మనీలో ఇంట్లో చేరిన 2 వారాల లోపు స్థానిక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. దీనినే ఆన్‌మెల్డుంగ్ అంటారు. దీనికి అద్దె ఒప్పందం మాత్రమే సరిపోదు. ఇంటి యజమాని ఇచ్చే ధ్రువపత్రం కావాలి. కనుక ఆ పత్రం ఇవ్వని తాత్కాలిక వసతిలో దిగితే తరువాతి పనులన్నీ ఆలస్యమవుతాయి.

అనంతరం విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. వీసా గడువు ముగియక ముందే దరఖాస్తు చేస్తే నిర్ణయం వెలువడేవరకు పాత అనుమతి కొనసాగుతున్నట్లే చట్టం భావిస్తుంది. గడువు దాటితే ఈ రక్షణ దానంతట అదే లభించదు.

5. క్షేత్ర పర్యటన – గడువు:

తెలుగు పరిశోధకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిన నిబంధన మరొకటి ఉంది. తాళపత్రాల పరిశీలనకో, జానపద సామగ్రి సేకరణకో స్వదేశానికి తిరిగివచ్చి 6 నెలలకు మించి జర్మనీ వెలుపల ఉంటే నివాస అనుమతి సాధారణంగా రద్దవుతుంది. అంతకంటే ఎక్కువ కాలం అవసరమైతే బయలుదేరే ముందే విదేశీయుల కార్యాలయం నుండి గడువు పొడిగింపు పొందాలి. ఇతర సభ్యదేశాల్లో పరిశోధనకు మాత్రం ఐరోపా ఆదేశం వెసులుబాటు కల్పించింది. పరిశోధక అనుమతి గలవారు ఆదేశాన్ని అనుసరించే ఒక్కో దేశంలో ఏ 360 రోజుల కాలంలోనైనా 180 రోజుల వరకు పరిశోధన చేయవచ్చు. ఇందుకు ముందస్తు సమాచారం ఇవ్వాలని ఆ దేశం కోరవచ్చు.

6. ముగింపు:

పై పరిశీలన వల్ల నివాస హక్కులకు పునాది ఆహ్వానాన్ని అంగీకరించే దశలోనే పడుతుందని స్పష్టమవుతున్నది. సంతకం చేయడానికి ముందే సంస్థను మూడు ప్రశ్నలు అడగడం అవసరం: అనుమతి ఏ సెక్షన్ కింద వస్తుంది? చెల్లింపు జీతమా, ఫెలోషిప్పా? క్షేత్ర పర్యటన కాలం ఒప్పందంలో నమోదైందా? వీటికి రాతపూర్వక సమాధానాలు పొందిన పరిశోధకుడు అక్కడికి చేరిన తరువాత తన కాలాన్ని కార్యాలయాల చుట్టూ తిరగడానికి గాక పరిశోధనకు వినియోగించుకోగలుగుతాడు.