గోదారి పాయల్లో పడవ ప్రయాణం: రేవులోనే చూసుకోవాల్సిన సంగతులు

ఈ రోజు మన ముమ్మిడివరం చుట్టుపక్కల గౌతమి, వృద్ధ గౌతమి పాయల్లో పడవ మీద తిరగాలంటే ఏం చూసుకోవాలో చెప్పుకుందాం. ఏదైనా తేడా వస్తే నది మధ్యలో మనం చేయగలిగింది తక్కువండి. అందుకే చూసుకోవాల్సిందంతా రేవులోనే చూసుకోవాలి.

మొదటిది పోటు, పాటు. సముద్రం దగ్గర కదా, నీరు రోజుకి రెండుసార్లు ఎగదన్నుతుంది, రెండుసార్లు దిగిపోతుంది. ఆ వేళ రోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ జోరెక్కువ, అష్టమి రోజుల్లో తక్కువ. తెలియని పాయలోకి పోటు ఎక్కేటప్పుడే వెళ్లండి. ఇసుక మేట తగిలినా కాసేపట్లో నీరే లేపుతుంది. నేనోసారి పాటులో వెళ్లి మేటెక్కాను. మళ్లీ నీళ్లొచ్చేదాకా గంటల తరబడి అక్కడే కూర్చున్నానండి.

రెండోది గాలి. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి ఎదురొస్తుంది. అదే వేళకి పాటు దిగుతుంటే గాలీ నీరూ ఎదురెదురై అలలు లేస్తాయి. చిన్న పడవైతే పొద్దున్నే వెళ్లి రావడం మేలు.

మూడోది కదలని అడ్డంకులు. 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న పడవ, కడుతున్న వంతెన పునాదికి తగిలి బోల్తా పడింది. ఉరవడిలో ఇంజిన్ ఆగితే పడవ నీరు లాగిన వైపే పోతుంది. అందుకే స్తంభాలకి ఎగువన దగ్గరగా అడ్డంగా దాటకూడదు. దిగువనో, బాగా దూరంగానో దాటాలి. తెడ్డు, గెడ, లంగరు చేతికందేలా ఉండాలి.

నాలుగోది వరద. ధవళేశ్వరం దగ్గర మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి ఇస్తారు. అప్పటికి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కుల దాకా ఉంటుంది. కానీ 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగినప్పుడు ఉన్నది సుమారు 5 లక్షలే. కాబట్టి హెచ్చరిక రాలేదు కదా అని బయలుదేరొద్దు. ఎర్రనీరు వడిగా పోతోందంటే ఆగిపోండి.

కాలవలోకి తిప్పితే గుర్రపు డెక్క ఫ్యానుకి చుట్టుకుంటుంది. ఇంజిన్ పూర్తిగా ఆపాకే చెయ్యి పెట్టండి.

చివరగా, లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటిమీద ఉండాలి. తాళ్లు బిగించి, అవతలి రేవులో దిగాకే విప్పండి. పిల్లలకి వాళ్ల సైజుదే వేయండి. జనం ఎక్కువైతే తర్వాతి పడవకి వెళ్దాం, ఏం పోదు.