మేలు చేసినవారికి మిగిలేదేమిటి?

రమజాన్ మాసం సమీపించగానే జకాత్ లెక్కలు సరిచూపించుకోవడానికి మా వద్దకు ఎందరో వస్తుంటారు. బంగారమెంత, దుకాణంలో సరుకెంత, రావలసిన బాకీలెంత అన్నది తేలిపోయిన తరువాత కూడా కొందరు లేవరు. వారి మనసులో మరొక లెక్క ఉంటుంది. ఏళ్ల తరబడి మేనల్లుడి చదువుకు ఫీజులు కట్టామనీ, ఆ కుర్రవాడే బంధువుల పెళ్లిలో నలుగురి ముందు తమను చులకన చేసి మాట్లాడాడనీ, ఇక అతడికి పైసా ఇవ్వబోమనీ అంటారు. ఇంతకాలం చేసిన దానివల్ల తమకు ఏం మిగిలిందని అడుగుతారు.

పరులకు సాయపడితే సాయపడినవానికి ఏమైనా దక్కుతుందా అన్న ప్రశ్నకు దివ్య ఖుర్ఆన్ సమాధానంలో దాపరికం లేదు. మీరు చేసే మేలు మీ మేలుకేనని బనీ ఇస్రాయీల్ సూరా 7వ ఆయతు తెలుపుతున్నది. అల్లాహ్ మార్గంలో ఖర్చుపెట్టిన దానిని బఖరా సూరా 261వ ఆయతు ఏడు కంకులు వేసే విత్తుతో, కంకికి నూరు గింజలతో పోల్చింది. జొన్న, వరి పండించే మన రైతులకు ఈ ఉపమానాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. విత్తనాన్ని మట్టిలో వేసిన రైతు దానిని పోగొట్టుకున్నానని ఇంటికి వచ్చి దిగులుపడడు. ప్రతిఫలం ఆశించి చేసే మేలు మేలే కాదని కొందరు పెద్దలు అంటుంటారు. వినడానికి ఉదాత్తంగానే ఉంటుంది. కాని అల్లాహ్ స్వయంగా వాగ్దానం చేసిన దానిని దాసుడు ఆశించడం తప్పెలా అవుతుంది? ఆ ఆశ అల్లాహ్ వైపు నుంచి మేనల్లుడి వైపు మళ్లినప్పుడే చిక్కు మొదలవుతుంది.

ఈ చిక్కు ఎంత పాతదో తెలుసుకోవాలంటే మదీనాకు వెళ్లాలి. మిస్తహ్ బిన్ ఉసాసా (రజి) హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ (రజి)కు తల్లి వైపు బంధువు. మక్కాను విడిచి వలస వచ్చిన ముహాజిర్. బద్ర్ సంగ్రామంలో పాల్గొన్నవారు. చేతిలో ఏమీ లేని పేద. ఆయన పోషణను హజ్రత్ అబూబక్ర్ (రజి) తన మీద వేసుకున్నారు. బనూ ముస్తలిఖ్ పోరాటం నుంచి తిరుగు ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) దళం వెనుక ఉండిపోవడాన్ని ఆసరాగా తీసుకుని కపటవిశ్వాసులు అపనింద అల్లినప్పుడు, దానిని నాలుక మీద మోసిన కొద్దిమంది విశ్వాసులలో ఈ మిస్తహ్ ఒకరు. తన అన్నం తింటున్న వ్యక్తి తన కన్నకూతురి శీలాన్ని గురించి మాట్లాడాడు! పెళ్లిలో విన్న చులకన మాటను దీని పక్కన పెట్టి చూడండి.

ఆ రోజుల్లో ఒక రాత్రి మిస్తహ్ తల్లి, హజ్రత్ ఆయిషా (రజి) కలిసి బయటికి వెళ్లారు. దారిలో దుస్తులు కాళ్లకు అడ్డుపడి తూలిన ఆ తల్లి నోట తన కొడుకుకే శాపనార్థం వెలువడింది. బద్ర్‌లో పాల్గొన్న వ్యక్తిని ఇలా తిట్టవచ్చా అని ఆయిషా (రజి) ఆమెను వారించారు. జరుగుతున్న ప్రచారం ఆమె చెవిన పడింది అప్పుడే.

ఆయిషా (రజి) పవిత్రతను చాటుతూ ఆయతులు అవతరించాక, ఇకపై మిస్తహ్‌కు ఏమీ ఇవ్వనని హజ్రత్ అబూబక్ర్ (రజి) అల్లాహ్ మీద ప్రమాణం చేశారు. ఏ తండ్రి చేయడు? పైగా ఆ పోషణ ఆయనకు విధి కూడా కాదు, ఇష్టపూర్వకంగా చేస్తున్న ఉపకారం. అప్పుడు నూర్ సూరా 22వ ఆయతు అవతరించింది. ఔన్నత్యమూ స్తోమతా కలవారు బంధువులకు, పేదలకు, వలస వచ్చినవారికి ఇవ్వబోమని ప్రమాణం చేయరాదని, మన్నించాలని అది ఆదేశించింది. మిస్తహ్ ఆ మూడు కోవలకూ చెందినవారే. ముందుగా ఆయన వచ్చి క్షమాపణ చెప్పుకోవాలన్న షరతు అందులో లేదు. ఆయతు చివరలో ప్రశ్న ఇచ్చేవాని వైపు తిరిగింది: అల్లాహ్ మిమ్మల్ని క్షమించడం మీకు ఇష్టం కాదా? ఆ మాట వినగానే అబూబక్ర్ (రజి) తనకు అది ఇష్టమేనన్నారు. పోషణను పునరుద్ధరించారు, ఇక ఎన్నడూ ఆపనని మరో ప్రమాణం చేశారు.

అపనింద వేసినవారికి 80 కొరడా దెబ్బల శిక్ష అదే సూరాలో ఉంది. మిస్తహ్‌కు అది అమలయిందని ఉల్లేఖనాలు ఉన్నాయి. తప్పుకు శిక్ష తప్పలేదు, కాని కూడు ఆగలేదు. మన కుటుంబాలలో తరచుగా ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. తప్పును ముఖాముఖి అడిగే ధైర్యం చేయరు, చడీచప్పుడు లేకుండా కూడు మాత్రం ఆపేస్తారు.

మక్కా కాలంలో ఇదే అబూబక్ర్ (రజి) బలహీనులైన బానిసలను కొని విడిపిస్తుంటే తండ్రి అబూ ఖుహాఫా వేరొక సలహా ఇచ్చారు. దృఢకాయులను విడిపిస్తే రేపు నీకు అండగా నిలబడతారు కదా అన్నది ఆయన లెక్క. లోకం తీరులో సరైన లెక్కే! తనకు కావలసినది అల్లాహ్ వద్ద ఉన్నదేనని కుమారుడు బదులిచ్చారు. తాను విడిపించినవారు తన వెనుక నిలవాలని ఎదురుచూడని మనిషి కనుకనే, మిస్తహ్ ఎదురు తిరిగిన రోజున ఆయనకు తిరిగి నిలదొక్కుకోవడం సాధ్యమయిందని మాకనిపిస్తుంది.

అయితే దక్కేదంతా పరలోకంలోనేనా? తన హృదయం కఠినంగా ఉందని మొరపెట్టుకున్న వ్యక్తికి దైవప్రవక్త (స) అనాథ తల నిమరమని, పేదకు అన్నం పెట్టమని చెప్పినట్లు ముస్నద్ అహ్మద్‌లో ఉంది. అక్కడ రోగి, ఇచ్చేవాడే.

ఇక పొందినవాడు కృతఘ్నుడైతే ఆ పుణ్యం పోతుందా? కృతజ్ఞత చూపడం అతని బాధ్యత, దాని లెక్క అతడు అల్లాహ్‌కు చెప్పుకుంటాడు. మన పుణ్యాన్ని చెరిపే శక్తి అతని నాలుకకు లేదు. మన నాలుకకు ఉంది. ఉపకారాన్ని చాటుకుని, దెప్పిపొడిచి దానాన్ని వ్యర్థం చేసుకునేవానిని బఖరా సూరా 264వ ఆయతు నున్నని బండ మీది మట్టితో పోల్చింది. ఒక్క వానకు అది కొట్టుకుపోతుంది. పెళ్లిలో మేనల్లుడు అన్న మాటకన్నా, దానికి జవాబుగా మనం అందరి ముందు చదివే ఫీజుల చిట్టాయే మనకు ఎక్కువ నష్టం తెస్తుంది.

జకాత్ విషయంలో మస్అలా అడిగేవారికి మా జవాబు ఇది. మేనల్లుడు అర్హుడైన పేద అయితే అతడికి జకాత్ ఇవ్వవచ్చు, బంధువుకు ఇస్తే దానపుణ్యమూ బంధుత్వాన్ని నిలిపిన పుణ్యమూ రెండూ లభిస్తాయని హదీసు ఉంది. ఇది జకాత్ అని అతడికి చెప్పనక్కరలేదు. నియ్యత్ మనసులో ఉంటే చాలు, ఈదీ అని చేతిలో పెట్టినా చెల్లుతుంది. అతడికే ఇచ్చి తీరాలన్న నిర్బంధం లేదు, వేరే పేదకు ఇచ్చినా జకాత్ నెరవేరుతుంది. ఆ స్వేచ్ఛ అబూబక్ర్ (రజి)కు కూడా ఉండింది.

కోపంలో అల్లాహ్ మీద ఖసమ్ వేసి ఉంటే సాయాన్ని తిరిగి మొదలుపెట్టి కఫ్ఫారా చెల్లించాలి. 10 మంది పేదలకు భోజనం పెట్టాలి, లేదా వస్త్రాలు ఇవ్వాలి. ఆ స్తోమత లేనివారు 3 రోజులు ఉపవాసం ఉండాలి. తల్లిదండ్రులను, కన్నబిడ్డలను ఆ 10 మందిలో లెక్కించకూడదు. మేనల్లుడు పేదవాడైతే అతడిని లెక్కించవచ్చు.