రాయి దొరకని ఊళ్లో సముద్రపు రాయి

గణపవరం చేలల్లో గడ్డపార ఎంత దింపినా రాయి తగలదు. అటు కొల్లేటి దాకా ఒండ్రు, నల్లమట్టే. అందుకే ఈ వైపు ఇళ్లలో ఏ రాయి కనబడినా అది వలస వచ్చిందే: రోలైనా, తిరగలైనా, దేవుడి గూట్లో భరిణెలో ఉన్న సాలగ్రామమైనా. అన్నిటికన్నా దూరం నడిచి వచ్చింది సాలగ్రామం. నేపాల్లో ముక్తినాథ్ కింద పారే కాళీగండకి దాని పుట్టిల్లు. లోపలి చక్రాలు అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల చుట్లు. హిమాలయాలు లేవక ముందు అక్కడున్న టెథిస్ సముద్రంలో, సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట ఈదిన ప్రాణి అది.

ఆ చక్రాలను వజ్రకీటమనే పురుగు తొలిచిందని మన పెద్దల కథ. రాతి వెనక ఒక ప్రాణి ఉందని వాళ్లు పట్టుకున్న తీరు నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

అమ్మోనైట్ కోసం నేపాల్ దాకా వెళ్లక్కర్లేదని తెలుసా? మన చిన్నతిరుపతి, అదే ద్వారకా తిరుమల కొండ, భూగర్భశాస్త్రంలో ఒక రాతిపొరకే పేరిచ్చింది. భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1880లో అచ్చువేసిన గోదావరి జిల్లా నివేదికలో ఇక్కడి పొరలకు ఊళ్ల పేర్లే పెట్టాడు: అడుగున గొల్లపల్లి ఇసుకరాయి, దానిపైన రాఘవాపురం షేల్ అనే మట్టిపలక రాయి, ఆ పైన తిరుపతి ఇసుకరాయి. ఆ తిరుపతి ఏడుకొండల తిరుపతి అనుకుంటారు చాలామంది. కాదు, మనదే. నడుమనున్న రాఘవాపురం పొరలో అమ్మోనైట్ల అచ్చులు, వాటితోపాటే నేలమీది మొక్కల ఆకుల అచ్చులు దొరికాయి. ఆకు, సముద్రజీవి ఒకే పొరలో ఉన్నాయంటే ఒడ్డు దగ్గర్లోనే ఉందన్నమాట. పన్నెండు కోట్ల ఏళ్ల కిందటి సముద్రతీరం మన మెట్ట ప్రాంతంలో ఉండేది!

ఆ పొర అక్కడితో ఆగలేదు. సముద్రం వైపు వాలుతూ మన డెల్టా మట్టి కింద చాలా లోతుకు దిగింది. కృష్ణా గోదావరి బేసిన్‌లో చమురుకూ గ్యాసుకూ ముఖ్యమైన పుట్టుక రాళ్లలో ఈ రాఘవాపురం షేల్ ఒకటి. భూమిలోపలి ఎత్తుపల్లాల పటాల్లో కైకలూరు, తణుకు, గుడివాడ పేర్లు కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

ఒంగోలు వైపు బూదవాడకు ఇంకో గౌరవం. అక్కడి ఒక అమ్మోనైట్‌కు స్పాత్ అనే శాస్త్రజ్ఞుడు 1933లో పాస్కోయిటిస్ బూదవాడెన్సిస్ అని పేరు పెట్టాడు. పేరు సగం భూగర్భ సర్వే డైరెక్టర్ పాస్కోది, సగం ఆ ఊరిది.

అమ్మోనైట్‌ను గుర్తుపట్టడం ఎలా? కొల్లేటి నత్తగుల్లను పక్కన పెట్టుకోండి. సాధారణంగా నత్త చుట్లు ఒక పక్కకు మెట్లుగా లేస్తాయి; అమ్మోనైట్ చుట్లు చాపచుట్టలా ఒకే మట్టంలో ఉంటాయి. నత్త లోపల గోడలుండవు. అమ్మోనైట్ లోపల గది వెనక గది. గాలి నింపుకుని తేలడానికి కట్టుకున్న గదులవి. ఆ గోడ గుల్లను తాకే చోట పడిన గీతే అసలు ఆనవాలు. పై గుల్ల ఊడిన రాయి మీద కొత్తిమీర ఆకు అంచులా మెలికలు తిరిగిన గీతలు కనిపిస్తే చాలా మటుకు అనుమానం తీరినట్టే. జాతిని తేల్చేటప్పుడు నిపుణులు ముందుగా చూసేవాటిలో ఆ మెలికలొకటి. కొవ్వూరు వైపు దుద్దుకూరు సున్నపురాతిలో దొరికే పొడుగాటి మరగుల్లలు టరిటెల్లాలు. అవి నత్తకు చుట్టాలు, అమ్మోనైట్‌కు కావు. అమ్మోనైట్‌కు దగ్గరి బంధువులు ఆక్టోపస్, స్క్విడ్.

అమ్మోనైట్ల వంశం 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించింది. ఇంచుమించు అదే కాలపు లావా పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో నల్లరాయిగా కనిపిస్తుంది. దక్కను నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందంటారు పరిశోధకులు.

ఇక దొరికిన శిలాజాన్ని దాచుకోవడం. ఇత్తడి చెంబులా చింతపండు పెట్టి తోమొద్దు. నిమ్మరసం, వెనిగర్ కూడా వద్దు. సున్నపు గుల్ల మిగిలి ఉంటే పులుపుకు కరిగిపోతుంది. షేల్ మీది అచ్చుకు నీళ్లు తగిలితే మట్టి ఉబ్బి పొరలు విడిపోతాయి. మెత్తటి కుంచెతో దులపాలి, అంతే. పలక రెండుగా చీలితే రెండు ముక్కలూ దాచాలి. ఒకదాని మీద గుంట, రెండోదాని మీద ఉబ్బు ఉంటుంది. ఏది పోయినా సగం పోయినట్టే.

కొల్లేటి తేమగాలిలో శిలాజానికి అసలు శత్రువు పైరైట్. రాతిలో బంగారు మెరుపుగా కనిపించే ఇనుము, గంధకాల సమ్మేళనమది. తేమ తగిలితే ఆమ్లంగా మారి రాయిని లోపలినుంచి తినేస్తుంది. తెల్లటి, పచ్చటి పొడి రాలినా, గంధకం వాసన వచ్చినా వెంటనే మిగతా వాటినుంచి వేరుచేయండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాలి, వానాకాలంలో వాటిని తరచు మార్చాలి. పూజలోని సాలగ్రామంలో ఆ మెరుపుంటే అభిషేకం కాగానే పొడిబట్టతో తడి పూర్తిగా ఒత్తేయడం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం చీటీ. ఏ ఊరు, ఏ పొర, ఎవరు, ఏ రోజు తీశారో రాయని శిలాజం అందమైన రాయి మాత్రమే. రాయి మీద చిన్న అంకె వేసి, అదే అంకెతో పుస్తకంలో రాసుకోవాలి. ఇంట్లో సాలగ్రామానికీ అంతే: దాన్ని ఏ తాతగారు ఏ యాత్రలో తెచ్చారో చెప్పగలిగిన పెద్దలు ఉండగానే అడిగి, ఆ కాగితాన్ని భరిణె పక్కనే పెట్టండి.