పింఛను గడపకొచ్చింది - పక్క మార్చే మనిషేరీ?

నరసరావుపేట : నెల ఒకటో తేదీ వచ్చిందంటే పల్నాటి పల్లెల్లో సచివాలయ సిబ్బంది పొద్దున్నే వికలాంగుల ఇళ్ళ తలుపు తడుతున్నారు. వేలిముద్ర వేయించుకుని, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారికి 15 వేలు, మిగతా వికలాంగులకు 6 వేలు చేతికిస్తున్నారు. 2024 జూన్ వరకు ఇవి 5 వేలు, 3 వేలు మాత్రమే. ఆ ఏడాది డిసెంబరు 31న ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు నరసరావుపేట మండలం యల్లమంద గ్రామానికి స్వయంగా వచ్చి పింఛన్లు పంచారు. ఇది మేలైన పనే, కాదనేవారు లేరు.

అయితే సిబ్బంది గడప దిగి వెళ్ళిన తరువాత మిగిలిన నెలంతా ఆ మనిషిని చూసేదెవరన్నదే ప్రశ్న.

మంచాన పడ్డ మనిషికి పొద్దున లేచింది మొదలు అన్నీ మరొకరు చేయవలసిందే. ఒంటికి, రెంటికి తీయాలి. ఒళ్ళు తుడవాలి. అన్నం కలిపి నోట పెట్టాలి. రెండు గంటలకొకసారి పక్క మార్చకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఒకసారి పుండు పడితే మానడం కష్టం. రాత్రిళ్ళు కూడా ఇదే పని. ఎదిగిన మగమనిషిని ఒక్క ఆడమనిషి లేపి కూర్చోబెట్టడం ఎంత కష్టమో చేసినవారికే తెలుసు. ఈ చాకిరీ ఎక్కువగా తల్లిమీదో, భార్యమీదో పడుతున్నది. పల్నాడులో ఆడవారికి నాలుగు డబ్బులు కళ్ళచూసే రోజులు పత్తితీతలు, మిరపకోతలే. ఆ రోజుల్లో మంచం పక్కన కూర్చున్న తల్లికి ఆ కూలీ పోయినట్లే. పింఛనులో మందులకు, ఆటో బాడుగలకు పోగా మిగిలిందే ఆమె కూలి అనుకోవాలి. 6 వేలు వచ్చే ఇళ్ళ సంగతి చెప్పనక్కరలేదు.

ఇంటికే వైద్యం అన్న మాట ఈ ప్రాంతానికి కొత్త కాదు. డాక్టరు పల్లెకు వచ్చి, మధ్యాహ్నం మంచాన వున్నవారిని ఇంటికి వెళ్ళి చూసే ఫ్యామిలీ డాక్టర్ పథకాన్ని అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట సమీపాన లింగంగుంట్లలోనే ప్రారంభించారు. కాని డాక్టరు చూసి మందు రాస్తాడే గాని, స్నానం చేయించడు గదా!

చట్టంలో ఈ విషయం లేకపోలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో, అధిక సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యం ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వాలు చేయాలని 24వ సెక్షను చెబుతున్నది. 40 శాతం, ఆపైన వైకల్యం వున్నవారు తమకు అటువంటి సహాయం కావాలని దరఖాస్తు పెట్టుకోవచ్చని, వారి తరఫున మరొకరైనా పెట్టవచ్చని 38వ సెక్షను అంటున్నది. ఈ సంగతి పల్లెల్లో ఎందరికి తెలుసు?

కేరళ ప్రభుత్వం మంచాన పడ్డవారిని చూసుకునే వారికి నెలనెలా కొంత సాయం అందించే 'ఆశ్వాసకిరణం' పథకం పెట్టింది. ఇచ్చేది వందల్లోనే అయినా, చూసేవారిని ఒక మనిషిగా లెక్కలోకి తీసుకున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో అయితే ఉద్యోగి ఇంటికి వచ్చి స్నానానికి ఎంతసేపు, బట్టలు మార్చడానికి ఎంతసేపు అని గంటలు లెక్కకట్టి, ఆ గంటలకు ప్రభుత్వమే కూలి ఇస్తుంది. చూసేది కన్నతల్లి అయినా ఆ కూలి ఆమెకు వస్తుంది. స్వీడన్‌లో సహాయకుని పొందడం 1994 నుంచి చట్టబద్ధమైన హక్కు.

2025 జనవరి నుంచి మన రాష్ట్రంలో వైద్య బృందాలు మంచాన వున్న పింఛనుదార్ల ఇళ్ళకే వెళ్ళి వైకల్య శాతాన్ని తిరిగి పరిశీలించాయి. శాతం ఎంతో చూశారు. ఆ మనిషికి రోజుకు ఎన్ని గంటలు తోడు కావాలో, చూసే తల్లి వయసెంతో కూడా అదే కాగితంలో ఒక గడి పెట్టి రాసి వుంటే జిల్లాలో ఎందరికి తోడు కావాలో తేలిపోయేది. అరవై దాటిన తల్లులు ముప్ఫయ్యేళ్ళ బిడ్డల్ని ఎత్తుతున్న ఇళ్ళు వున్నాయి. తరువాత ఎవరన్నది ఆ తల్లుల దిగులు. ప్రతి సచివాలయం పరిధిలో శిక్షణ ఇచ్చిన ఒక మనిషిని పెట్టి, రోజుకు రెండు గంటలు ఇటువంటి ఇళ్ళకు పంపినా, కనీసం కోతల రోజుల్లోనైనా పంపినా, ఆ ఆడవారికి కాస్త ఊపిరి ఆడుతుంది.